షెల్టర్ ఇంకెన్ని రోజులు నడుస్తుందో చెప్పండి: మా ట్రస్టీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ట్రస్టీలందరికీ నమస్కారం.

హోస్కోట దాటాక ఉన్న మన మూగజీవాల షెల్టర్‌కి ఆదివారాలు వచ్చి చేతనైన పని చేసే వాలంటీర్లం, నెలనెలా ఎంతో కొంత పంపే దాతలం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మాలో ఎక్కువమందిమి హిందూపురం, మదనపల్లె, అనంతపురం, నెల్లూరు వైపుల నుంచి ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి మారతహళ్లిలో, కేఆర్ పురంలో, వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నవాళ్లం. అందరి తరఫున రాస్తున్న నేను ఆరేళ్లుగా వస్తున్నాను. నడుము విరిగి రోడ్డు పక్కన పడున్న కుక్కని చూసి జనం తప్పుకుని పోతుంటే, బండి ఆపి ఒళ్లో వేసుకుని తెచ్చినవాళ్లు మీరు. ఆ సంగతి మేం మరిచిపోలేదు.

ఈ విషయం నలుగురిలో పెట్టాలని మాకు లేదు. జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి ఈమెయిల్ పంపాం. దసరా అయ్యాక ఇరవై ముగ్గురి సంతకాలతో ఉత్తరం రాసి ఆఫీసులో ఇచ్చి వచ్చాం. అడిగింది ఒక్కటే: షెల్టర్ ఆర్థిక పరిస్థితి ఎలా ఉంది? జవాబు రాలేదు. వాట్సాప్ గ్రూపులో అడిగితే ‘త్వరలో చెబుతాం’ అన్నారు. ఆ రాత్రే గ్రూపులో అడ్మిన్లు తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చేశారు. ఇక ఇలా రాయడం తప్ప మాకు దారి కనిపించలేదు.

సంస్థ పేరు గానీ మీ పేర్లు గానీ ఇందులో రాయడం లేదు. పేరు బయటికొస్తే విరాళాలు ఆగుతాయి. విరాళాలు ఆగితే మొదట ఖాళీ అయ్యేది కుక్కల గిన్నెలు. ఎవరికి రాశామో మీకు తెలుసు, అది చాలు. మీరెవరో డబ్బు తిన్నారని మేం అనడం లేదు, అనుకోవడమూ లేదు. లోపల 140 మూగజీవాలున్న చోట వచ్చే నెలకి డబ్బుందో లేదో బయట ఒక్కరికీ తెలియదు. మా భయమంతా దాని గురించే.

నవంబరు రెండో ఆదివారం పొద్దున వంట షెడ్డులో గుండిగ ఎక్కించే టైముకి వెళ్లాను. మామూలుగా నూకలు, కోడి మెడలు, కాళ్లు, గుమ్మడికాయ ముక్కలు, ఇంత పసుపు వేసి ఉడికిస్తారు. ఆ వాసన తగలగానే కుక్కలు వరస వరసంతా లేచి అరుపులు మొదలుపెడతాయి. ఆ రోజు గుండిగలో నూకలు, పసుపు ఉన్నాయి. గరిటె అడుగు దాకా తిప్పితే నాలుగు మెడలు తగిలాయి. వంట చేసే అక్కని అడిగాను. ఆమె ఏమీ మాట్లాడకుండా తలుపు వెనక పురికొసతో వేలాడదీసిన స్కూలు నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది. చికెన్ షాపు లెక్క అది. ఆమె చేతిరాతే. ఒక్కో వరసలో తేదీ, కిలోలు, డబ్బు కట్టిన రోజైతే చివర ఒక టిక్కు, కట్టకపోతే ‘బా’ అని ఒక్క అక్షరం. సెప్టెంబరు మొదటి వారం నుంచి పేజీలు తిప్పుతూ వచ్చాను. ప్రతి వరస చివరా ‘బా’యే ఉంది. ‘పాత బాకీ కొంచెమైనా కట్టక్కా, నేనూ సరుకు తెచ్చుకోవాలి కదా’ అని షాపతను ఆ రోజు సగమే తూచి పంపాడట.

తర్వాత మందుల గదికి వెళ్లాను. జననాంగం దగ్గర గడ్డలతో వచ్చిన రెండు ఆడకుక్కల కేస్ షీట్లు గోడకి తగిలించి ఉన్నాయి. వీధికుక్కల్లో తరచుగా కనిపించే ఈ గడ్డకి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వారానికొకటి చొప్పున, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడాలి. కోర్సు పూర్తయితే చాలావరకు నయమైపోయే జబ్బు. రెండు షీట్లలోనూ మొదటి రెండు గళ్లలో తేదీలున్నాయి. మూడో గడి ఖాళీ. ఆ వారం దాటి అప్పటికి పన్నెండు రోజులైంది.

బయటికొస్తే ఆవరణలో అంబులెన్స్. దాన్ని ఇచ్చిన కంపెనీ లోగో ఒక పక్కన ఇంకా కొత్తగానే మెరుస్తోంది. ముందు టైరులో గాలి పూర్తిగా దిగిపోయింది. బండి కింద ఒక పిల్లి పిల్లల్ని పెట్టింది. డ్రైవరు మానేసి రెండు నెలలైందని వాచ్‌మన్ చెప్పాడు.

అదే వారం మన పేజీలో నాలుగు కొత్త రెస్క్యూల కోసం అప్పీళ్లు వచ్చాయి. వాటిలో రెండింటి కింద ఉన్న క్యూఆర్ కోడ్ ట్రస్టు ఖాతాది కాదు, ఒక వ్యక్తి పేరు మీద ఉంది.

పరిస్థితి ఇంతదాకా ఎలా వచ్చిందో మాకు కొంత అర్థమవుతూనే ఉంది. అందులో మా వాటా కూడా ఉంది. రాణి అన్న కుక్క సంగతే తీసుకోండి. 2021లో టిన్ ఫ్యాక్టరీ దగ్గర టెంపో గుద్దితే మీరే తెచ్చారు. వీడియో చూసి ఎక్కడెక్కడివాళ్లో డబ్బు పంపారు. నేనూ పంపాను. ఆపరేషన్ అయింది, ప్రాణం నిలిచింది, వెనక కాళ్లు మాత్రం రాలేదు. దానికప్పుడు ఏడాది వయసు ఉంటుంది. బాగా చూసుకుంటే ఇంకో ఎనిమిదేళ్లు బతుకుతుంది. ఆ ఆపరేషన్‌కి డబ్బిచ్చిన మాలో ఎవరం తర్వాత రాణి తిండికని, మందుకని విడిగా ఒక్క రూపాయి పంపలేదు. తెచ్చిన రోజుకి డబ్బొస్తుంది, ఆ తర్వాతి ఏళ్లకి రాదు. ఆ కొరత పూడ్చడానికి మీరు ఇంకో రెస్క్యూ చేసి, ఇంకో వీడియో పెట్టి, ఆ డబ్బుతో పాతవాటికి తిండి పెడుతూ వచ్చారని మా అంచనా. అలా తెచ్చిన ప్రతి జీవంతో నెల ఖర్చు ఇంకొంచెం పెరిగింది.

ఖర్చు ఎంతో చూద్దాం. 2025 జూలైలో బెంగళూరు నగరపాలక సంస్థ (బీబీఎంపీ) 5,000 వీధికుక్కలకి తిండి పెట్టే పథకానికి 2.88 కోట్ల రూపాయల టెండరు పిలిచినప్పుడు, 367 గ్రాముల చికెన్ అన్నానికి ఒక్కో కుక్కకి రోజుకి 22.42 రూపాయలని లెక్క కట్టింది. ఆ రేటుతో 140 జీవాలకి ఒక్క పూట పెడితే నెలకి 94 వేలు దాటుతుంది. మనం నూకలతో, షాపులో మిగిలిన ముక్కలతో సర్దుకుంటాం కాబట్టి తక్కువలో అవుతుందనుకుందాం. కానీ ఇక్కడ పెట్టేది రెండు పూటలు. దీని మీద జీతాలు, స్థలం అద్దె, కరెంటు, టీకాలు, బ్లీచింగ్, బోరు ఎండితే ట్యాంకర్లు. 2024 వేసవిలో ట్యాంకరు దొరకడానికే ఎంత టెన్షన్ పడ్డామో మీకు గుర్తుండే ఉంటుంది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. 2023-24 నుంచి ఆదాయపు పన్నులో కొత్త విధానమే డిఫాల్ట్ అయింది. అందులో విరాళాలకి దొరికే 80జీ మినహాయింపు లేదు. మా ఆఫీసుల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ‘రసీదు వస్తుంది కదా’ అని ఇచ్చేవాళ్లు ఇప్పుడు ఆ మాటే ఎత్తడం లేదు. ఇది మీ తప్పు కాదు. మాతో చెప్పుకోవలసిన కష్టం. చెప్పి ఉంటే అందరం కూర్చుని వేరే దారి వెతికేవాళ్లం.

ఇప్పుడు ఈ మౌనం వల్ల ఎవరెవరికి ఏమవుతుందో వరసగా చెబుతాం.

1. పనివాళ్లు. షెల్టర్‌లో కెనెల్ పని (కుక్కల గదులు కడగడం, వాటిని చూసుకోవడం) చేసే ఏడుగురికి రెండు నెలలుగా జీతం సగమే అందింది. వాళ్లు హిందూపురం, చింతామణి వైపు పల్లెల నుంచి వచ్చి షెల్టర్ వెనక రేకుల గదుల్లో ఉంటున్నారు. రాణిని చూసుకునే అక్క రోజుకి మూడుసార్లు దాని పక్కన గోనెపట్టా మీద కూర్చుని, పొట్ట కింద రెండు చేతులూ పెట్టి మెల్లగా నొక్కి మూత్రం పోయిస్తుంది. నడుము పడిపోయిన కుక్కకి అది తనంతట తను పోదు. ఎక్కడ ఎంత నొక్కాలో చేతికి తెలియాలి. నేను నాలుగు ఆదివారాలు ప్రయత్నించినా నాకు సరిగా రాలేదు. ఆ పని రెండు మూడు రోజులు ఆగితే మూత్రం నిలిచిపోయి, ఇన్‌ఫెక్షన్ వచ్చి, కిడ్నీల దాకా పోతుంది. అలాంటి కుక్కలు మన దగ్గర తొమ్మిది ఉన్నాయి. ఆ అక్క కూతురు పీయూసీ (ఇంటర్) చదువుతోంది, ఫీజు గడువు దాటిపోయింది. ‘వేరేచోట హౌస్‌కీపింగ్ పనికి పిలుస్తున్నారు, వీటిని వదిలి ఎట్లా పోయేది?’ అని నన్నే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె ప్రేమని ఆసరా చేసుకుని మనం జీతం ఎగ్గొడుతున్నాం. మెత్తగా చెప్పడానికి నాకు ఇంకో మాట దొరకలేదు. ఇంకొకటి. వీళ్లలో ముగ్గురికి రేబిస్ ముందస్తు టీకాలు పడలేదు. ముందుగా మూడు డోసులు వేయించుకున్న మనిషిని తర్వాత కుక్క కరిస్తే రెండు డోసులు సరిపోతాయి, ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) అవసరం ఉండదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మాత్రం మనిషి దక్కడం దాదాపు అసాధ్యం. రోజూ కుక్క నోట్లో చెయ్యి పెట్టి మాత్ర వేసే మనిషికి టీకా వేయించకపోవడానికి డబ్బు లేదన్నది కారణం కాకూడదు.

2. మధ్యలో ఆగిన వైద్యం. విన్‌క్రిస్టిన్ సంగతి పైన రాశాం. కోర్సు సగంలో ఆపితే గడ్డ మళ్లీ పెరగొచ్చు, అప్పటిదాకా పెట్టిన ఖర్చూ వృథా అవుతుంది. కుక్కపిల్లలకి పార్వో (వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చే వైరస్ జబ్బు) టీకా డోసులు వారాల లెక్కన పడాలి. ఒక్క పిల్లకి తగులుకుంటే ఆ వరస మొత్తానికి పాకుతుంది. టీకాకి మిగిల్చిన డబ్బుకి ఎన్నో రెట్లు డ్రిప్పులకి పోతుంది.

3. బాకీ పడ్డ చిన్న వ్యాపారులు. చికెన్ షాపతను, మెడికల్ షాపు, ట్యాంకరు యజమాని. వీళ్లెవరూ దాతలుగా మన బోర్డు మీద లేరు. కానీ మూడు నెలలుగా షెల్టర్‌ని నడిపిస్తున్నది వాళ్ల డబ్బే. షాపతను తన షాపు అద్దె అప్పు చేసి కట్టాడని వంట చేసే అక్క చెప్పింది.

4. దాతలు. మాలో చాలామందికి 2024-25కి సంబంధించిన ఫారం 10బీఈ (విరాళానికి ట్రస్టు ఇవ్వవలసిన సర్టిఫికెట్) ఇంకా రాలేదు. దాతల వివరాలతో ఫారం 10బీడీ దాఖలు చేసి, 10బీఈ ఇవ్వడానికి గడువు 2025 మే 31. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ కాగితం లేకపోతే మినహాయింపు నిలబడదు. ఒకవేళ 10బీడీ ఇప్పటికీ దాఖలు చేయకపోయి ఉంటే రోజుకి 200 రూపాయల చొప్పున లేటు ఫీజు పడుతుంది. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా 183 రోజులు, అంటే 36,600 రూపాయలు. బీబీఎంపీ కట్టిన రేటుతో 1,600 భోజనాల పైమాట. దాఖలు చేసి ఉంటే సంతోషం, ఆ ఒక్క మాట చెప్పండి. ఇక వ్యక్తి పేరు మీదున్న క్యూఆర్ కోడ్‌కి పంపిన డబ్బు ట్రస్టు లెక్కలోకి ఎలా వచ్చిందో, అసలు వచ్చిందో లేదో మాకు తెలిసే దారి లేదు. అర్ధరాత్రి ఆపరేషన్‌కి తొందరలో అలా చేసి ఉండొచ్చు. కానీ ఆ తొందర అలవాటైపోతే రేపు నిజాయితీపరుడు కూడా రుజువు చూపించలేడు.

5. ఊరి జనం. షెల్టర్ మూతపడితే ఆ 140 ఎక్కడికి పోతాయి? బీబీఎంపీ 2023 లెక్క ప్రకారం బెంగళూరులో 2.79 లక్షల వీధికుక్కలున్నాయి. 2019 లెక్కలో 3.10 లక్షలు. ఆపరేషన్లు, టీకాలు ఏళ్లతరబడి ఓపికగా చేస్తే సంఖ్య తగ్గుతుందని ఈ ఊరే చూసింది. 2023 నాటి జంతు జనన నియంత్రణ (ఏబీసీ) నిబంధనల ప్రకారం కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా అయిన కుక్కని పట్టిన చోటే వదలాలి. స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని కుక్కల్ని మాత్రం తీసి షెల్టర్లలో ఉంచాలని, మళ్లీ అక్కడే వదలకూడదని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే ఇకముందు షెల్టర్లు ఇంకా ఎక్కువ కావాలి. ఇలాంటి సమయంలో ఉన్న షెల్టర్ చెప్పాపెట్టకుండా కూలిపోతే, జబ్బు కుక్కలు, కుంటి కుక్కలు చుట్టుపక్కల ఊళ్లలో తేలతాయి. పిల్లల్ని స్కూలుకి నడిపించుకుపోయే తల్లులకి ఆ భయం, ఆ కుక్కలకి రాళ్లదెబ్బలు.

6. మిగతా చిన్న షెల్టర్లు. ఒకచోట లెక్క తేలకపోతే జనం అన్నిచోట్లా అనుమానపడతారు. అంతకన్నా చెప్పక్కర్లేదు.

మీ వైపు నుంచి రాగల జవాబులు కూడా ఆలోచించాం. ‘కష్టాల్లో ఉన్నామని చెబితే దాతలు పారిపోతారు’ అని మీలో ఒకరు ఒక ఆదివారం నాతో అన్నారు. నాకు తెలిసినంతలో మనుషులు కష్టానికి పారిపోరు. అడిగితే జవాబు రాకపోతే పోతారు. మా గ్రూపులోనే ఈ ఆరు నెలల్లో పదకొండు మంది నెలవారీ ఆటో డెబిట్ ఆపేశారు. అందరూ చెప్పిన కారణం ఒకటే, అడిగితే చెప్పడం లేదని.

‘ట్రస్టు డబ్బు దాచుకోకూడదు, వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెట్టాలి’ అన్న మాట కూడా విన్నాం. ఆదాయపు పన్ను చట్టం ఏడాది రాబడిలో 85 శాతం సంస్థ ఆశయాల మీద ఖర్చు చేయమంటుంది. మిగతా 15 శాతం దాచుకోవడానికి అడ్డు లేదు. ఫలానా పని కోసమని చెప్పి అంతకన్నా ఎక్కువ కూడా ఐదేళ్ల దాకా పక్కన పెట్టుకోవచ్చు. అంటే బాగా వచ్చిన ఏడాది కొంత దాచి, రాని నెలల్లో వాడుకునే వెసులుబాటు మొదటి నుంచీ ఉంది.

‘మా సొంత డబ్బు ఎంత పోసామో మీకేం తెలుసు’ అంటారేమో. నిజంగానే తెలియదు. వ్యవస్థాపకురాలైన మేడమ్‌గారు నగలు కుదువపెట్టారని పనివాళ్లు చెప్పుకుంటారు. అది విన్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ఆ డబ్బు విరాళమా, అప్పా అన్నది పుస్తకంలో రాసి ఉండాలి. ఆమెకి రేపు ఏదైనా అయితే ఆ లెక్క చెప్పేవాళ్లుండరు, ఆమె పిల్లలకీ న్యాయం జరగదు. 1991లో క్రిస్టల్ రోజర్స్ ఈ ఊళ్లో మొదలుపెట్టిన జంతు సంక్షేమ సంస్థ క్యూపా, ఆవిడ పోయి మూడు దశాబ్దాలు కావస్తున్నా నడుస్తోంది. చెన్నైలో కెప్టెన్ సుందరం 1959లో ప్రారంభించిన బ్లూ క్రాస్ కూడా అంతే. మన షెల్టర్ కూడా మేడమ్‌గారి ఆరోగ్యం మీద, నగల మీద ఆధారపడకుండా బతకాలని కోరుకుంటున్నాం.

కంపెనీల డబ్బు గురించి కూడా ఒక మాట. కంపెనీల చట్టం 2013లో, సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) పనుల జాబితా ఉన్న ఏడో షెడ్యూల్లో, జంతు సంక్షేమం అన్న మాట స్పష్టంగా ఉంది. తిండికి, మందులకి, కెనెల్ పనివాళ్ల జీతాలకి ఇవ్వకూడదని అందులో ఎక్కడా లేదు. మనం బండి అడిగాం, వాళ్లు బండి ఇచ్చారు. దాన్ని మూడేళ్లు నడిపే ఖర్చు అడగలేదు. ఈసారి అడుగుదాం. మాలో కొందరు పెద్ద కంపెనీల్లో పనిచేస్తున్నాం, లోపల మాట్లాడగలం. కానీ ఏ కంపెనీకి వెళ్లినా మొదట అడిగేది ఆడిటైన లెక్కలే. అవి మా చేతిలో లేకుండా ఎవరి తలుపు తట్టగలం?

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. 2024-25 ఆడిటైన రాబడి ఖర్చుల లెక్క, బ్యాలెన్స్ షీట్ అందరికీ అందుబాటులో పెట్టండి. దానితోపాటు ఒక్క పేజీ సారాంశం కన్నడంలో, తెలుగులో రాయించి షెల్టర్ గేటు దగ్గర అంటించండి. పనివాళ్లు కూడా చదువుకోగలగాలి.

2. ఈ రోజుకి బ్యాంకులో ఎంత ఉంది, బయట బాకీలు ఎంత, ఉన్న డబ్బుతో షెల్టర్ ఎన్ని రోజులు నడుస్తుంది. ఈ మూడు అంకెలు చెప్పండి. మిగతావన్నీ ఆలస్యమైనా ఇవి మాత్రం ఆగకూడదు.

3. పనివాళ్ల జీతం బకాయిలు అన్నిటికన్నా ముందు కట్టండి. టీకాలు పడని ముగ్గురికీ ఈ నెలలోనే వేయించండి.

4. వ్యక్తుల పేరు మీదున్న క్యూఆర్ కోడ్‌లన్నీ తీసేయండి. ఇప్పటిదాకా వాటికి వచ్చిన డబ్బు ట్రస్టు ఖాతాకి మార్చి, ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో రాయండి.

5. ఫారం 10బీడీ దాఖలైందో లేదో చెప్పండి. దాతలకి 10బీఈ ఇవ్వండి.

6. అంకెలు తేలేదాకా కొత్త జీవాల్ని లోపలికి తీసుకోవడం ఆపండి. ఇది రాయడానికి మాకే మనసొప్పలేదు. దీని మీద మాలో మాకు రెండు వారాలు వాదన జరిగింది. ఒకామె ఏడ్చింది కూడా. గాయపడిన జీవం ఎదురైతే కాదనడం ఎలా అన్నది ఆమె ప్రశ్న. కానీ లోపలున్న రెండు ఆడకుక్కలకి మూడో ఇంజెక్షన్ కొనలేని చోటికి ఇంకో కుక్కని తెస్తే, దానికీ మూడో ఇంజెక్షన్ ఉండదు. అత్యవసర కేసుల్ని హెబ్బాళ పశువైద్య కళాశాల ఆస్పత్రికో, ఖాళీ ఉన్న వేరే షెల్టర్‌కో చేర్చడానికి మా కార్లు, మా టైము ఇస్తాం. ఏ రోజు ఎవరి వంతో పట్టీ కూడా రాసుకున్నాం.

7. మూడు నెలల ఖర్చుకి సరిపడా నిధి విడిగా పెట్టడానికి ఒక ప్రణాళిక రాయండి. ఏడాది పట్టినా పర్వాలేదు.

8. ట్రస్టు సమావేశాల్లో ఒక వాలంటీరుకి, కెనెల్ పనివాళ్ల తరఫున ఒకరికి చోటివ్వండి. ఓటు అడగడం లేదు. వినడానికి, అడగడానికి ఒక కుర్చీ చాలు.

ఒకవేళ అన్నీ చూశాక షెల్టర్ నడవదని తేలితే, ఆ మాట మూడు నెలల ముందు చెప్పండి. మూడు నెలలుంటే కొన్నిటికి ఇళ్లు వెతుకుతాం, కొన్నిటిని వేరే షెల్టర్లలో సర్దుతాం, నడుము పడిపోయిన తొమ్మిదింటినీ మాలో మేం పంచుకుంటాం. రాణి మా ఇంటికి వస్తుందని మా ఆయనతో ఇప్పటికే మాట్లాడి పెట్టుకున్నాను. ఒక్క వారం ముందు తెలిస్తే మాత్రం మావల్ల కాదు, ఎవరివల్లా కాదు.

మా వైపు నుంచి ఇవ్వగలిగింది కూడా చెబుతున్నాం. మాలో ఇద్దరు చార్టర్డ్ అకౌంటెంట్లున్నారు, పైసా తీసుకోకుండా పుస్తకాలు సరిచేసి పెడతామన్నారు. మొదటి రెండు డిమాండ్లు తీరిన రోజే, ఆపేసిన పదకొండు ఆటో డెబిట్లూ మళ్లీ మొదలవుతాయి. ఈ మాట వాళ్లు రాసి ఇచ్చారు. చికెన్ షాపు బాకీలో సగం మేం చందా వేసుకుని ఈ ఆదివారమే నేరుగా షాపులో కడుతున్నాం, రసీదు ట్రస్టు పేరు మీదే తీసుకుంటాం.

డిసెంబరు 31 దాకా చూస్తాం. అప్పటికీ జవాబు రాకపోతే ఆదాయపు పన్ను శాఖకి, జంతు సంక్షేమ మండలికి రాతపూర్వకంగా రాయక తప్పదు. అది మాకు ఇష్టం లేని పని. ఈలోపు ప్రతి ఆదివారం పొద్దున మామూలుగానే వస్తాం. పదకొండున్నరకి గిన్నెలు కడగడం అయిపోతుంది. ఆ తర్వాత వంట షెడ్డు ముందు చింతచెట్టు కింద కూర్చుని ఉంటాం. మీరు లెక్కల పుస్తకం తీసుకుని రండి.

ఇట్లు,
షెల్టర్ ఆదివారం వాలంటీర్లు, నెలవారీ దాతలు
బెంగళూరు, డిసెంబరు 2025